యక్షుని వాకిట

కిందటి నెలలో ఒక సోదరి ఉత్తరం రాశారు. "మావారు రిటైరయ్యారు. ఇద్దరం కైలాస మానససరోవర యాత్రకి వెళ్ళాలనుకుంటున్నాము. మీరు వెళ్ళివచ్చారని ఎవరో చెప్పారు. మీ అనుభవాలు రాయరాదా?" అని. ఆమె విన్నదాంట్లో సగమే నిజం. వెళ్ళిన మాట వాస్తవమే గాని, నేను కైలాసం చూడలేదు. దారిలో, రోడ్డు పక్కన, ఒక మంచుకొండ దగ్గరే నా యాత్ర ముగిసింది. చూడనిదాన్ని గురించి రాయడం నాకు చేతకాదు. అంచేత చూసిన ఆ కొండ సంగతే రాస్తాను. ఆ సోదరికి కైలాసం కంటే అదే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

అది 2019 జూన్ నెల. యాత్ర నాది కాదు, మా పెద్దక్కయ్యది. ఆవిడ నాకంటే పంతొమ్మిదేళ్ళు పెద్ద. అయిదుగురు పిల్లల్లో ఆవిడ మొదటిది, నేను ఆఖరివాణ్ణి. నాకు అక్షరాలు దిద్దించిందీ, మశూచికం మచ్చ లేకుండా పెరిగిన తరం మీదంటూ టీకాలకి లాక్కెళ్ళిందీ ఆవిడే. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు బళ్ళో పాఠాలు చెప్పి, అరవయ్యో ఏట రిటైరై, బావగారు పోయిన దుఃఖాన్ని కొంగున ముడి వేసుకుని, "ఒరే, ఒక్కసారి కైలాసం చూసివస్తాను. తోడు రారాదూ?" అంది. ఆ డబ్బు చీటీలు కట్టి పదేళ్ళపాటు కూడబెట్టుకున్నది. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గొప్పగానే సరేనన్నాను. అప్పుడు నాకు నలభై ఒకటి. రోజూ తెల్లవారకుండానే కాలేజీ మైదానం చుట్టూ నాలుగు మైళ్ళు నడిచేవాణ్ణి. తోడు వెళ్ళేది నేనూ, తోడు కావలసింది ఆవిడా అనుకున్నాను.

కాఠ్మండూలో విమానమెక్కిన గంటన్నరకి లాసాలో దిగాం. కాఠ్మండూ ఎత్తు 1,400 మీటర్లు, లాసా ఎత్తు 3,650 మీటర్లు. మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి రాసుకుని ఒక్క క్షణంలో హిమాలయం చేరాడు. తీరా ఆ మంచుకి పసరు కాస్తా కరిగిపోయాక గాని ఇల్లు ఎంత దూరంలో ఉందో అతనికి తెలిసిరాలేదు. ఈ కథ ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెబుతూ, పసరు కరగడం నన్ను గురించిన మాటేనని నాకు తోచనేలేదు.

మాది ఇరవై ఇద్దరు తెలుగువాళ్ళ జట్టు. మా గైడు టిబెట్టు యువకుడు. ఇంగ్లీషు బాగానే మాట్లాడేవాడు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరి గది తలుపూ తట్టి మూడు ప్రశ్నలు అడిగేవాడు. "తలనొప్పి ఉందా? నిద్ర పట్టిందా? ఆకలి వేసిందా?" అంతే. జవాబు విని, ముఖంలోకి ఒకసారి చూసి, పక్క గదికి వెళ్ళిపోయేవాడు.

లాసాలో రెండో రాత్రి నాకు కన్ను మూత పడలేదు. తల లోపల ఎవరో రుబ్బురోలు తిప్పుతున్నట్లుంది. ఉప్మా వాసనకి కడుపులో తిప్పింది. పొద్దున్నే గైడు వచ్చి అడిగితే, "తలనొప్పి లేదు, నిద్ర పట్టింది, ఆకలి వేసింది" అని వరసగా మూడు అబద్ధాలు చెప్పాను. నా మూలంగా అక్కయ్య యాత్ర ఆగుతుందేమోనన్న భయం ఒకటి. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. జట్టులో డెబ్భై ఏళ్ళ ఆయన ఒకరు హాయిగా పేపరు చదువుకుంటూ కూర్చుని ఉన్నారు. ఆయన ముందు పడుకోవడం నామోషీ అనిపించింది.

ఆ రోజే లాసా నుంచి గ్యాంట్సేకి ప్రయాణం. బస్సు కంబాలా కనుమ ఎక్కింది. కింద యమ్‌ద్రోక్ సరస్సు కనిపించింది. నెమలి కంఠం రంగు నీళ్ళు, చుట్టూ చెట్టన్నది లేని గోధుమవన్నె కొండలు. అందరూ కిటికీల దగ్గరికి చేరారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. సరస్సు దాటాక నాగార్ట్సే అనే చిన్న ఊళ్ళో భోజనాలు. అక్కడినుంచి రోడ్డు మళ్ళీ పైకి పోయి, ఒక మలుపు తిరగ్గానే, ఎదురుగా, గోడ మీద ఆరవేసిన తెల్లని దుప్పటిలా మంచు వేలాడుతోంది. కూతవేటు దూరం. అదే కరోలా హిమానీనదం. దాని పక్కనుంచి పోయే కనుమ ఎత్తు ఇంచుమించు 5,000 మీటర్లు. మన లెక్కలో పదహారు వేల అడుగుల పైమాట.

మంచంటే మనకి సినిమా తెర మీది తెలుపే. దగ్గరగా చూస్తే ఎన్ని రంగులో! పైన వెండి తెలుపు. పగుళ్ళలో లేతనీలం. కింది అంచున బొగ్గు పూసినట్టు నల్లని చారలు. ఏటేటా పడిన మంచు కింది మంచుని అణచి, గాలి పిండేసి, గట్టి గడ్డ చేస్తుంది. ఆ గడ్డ తన బరువుకి తానే నెమ్మదిగా కిందికి జారుతుంది. కదులుతోంది గనుకనే దాన్ని నది అన్నారు. మందంగా ఉన్నచోట అది వెలుగులోని ఎరుపుని మింగి నీలాన్ని వదులుతుంది. నల్లచారలు దుమ్మూ మసీను. ఆ నలుపు ఎండని పట్టి ఉంచి, తెల్లని మంచుకంటే త్వరగా కరిగిస్తుంది.

ఆ కొండ శిఖరం పేరు నోజిన్ కాంగ్‌సాంగ్. ఎత్తు 7,000 మీటర్లకు పైమాటే. మధ్య టిబెట్టులోని నాలుగు పెద్ద దైవపర్వతాల్లో ఒకటిగా కొలుస్తారు. పేరుకి అర్థం ఏమిటని గైడుని అడిగితే, "నోజిన్ అంటే ఒక దేవత. ధనం కాపాడతాడు. కోపం వస్తే హాని చేస్తాడు" అన్నాడు. నాకు అంత తలనొప్పిలోనూ ప్రాణం లేచివచ్చింది. సంస్కృత గ్రంథాలను టిబెట్టు భాషలోకి మార్చిన పూర్వ పండితులు 'యక్ష' శబ్దానికి పెట్టుకున్న మాట నోజిన్. విడదీస్తే 'హాని కలిగించేవాడు' అని. అక్కయ్యతో చెబితే, "కుబేరుడి కొలువు వాడన్నమాట. మనవాడే!" అని చేతులు జోడించింది.

రోడ్డు పక్కన తెల్లని స్తూపం. దాని చుట్టూ నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గుడ్డజెండాలు వందలకొద్దీ గాలికి కొట్టుకుంటున్నాయి. వాటిమీద ప్రార్థనలు అచ్చు వేసి ఉంటాయి. జెండా కదిలినప్పుడల్లా ఆ ప్రార్థన గాలిలో కలిసి లోకమంతటికీ పోతుందని వాళ్ళ నమ్మకం. జెండాల అవతల టీ అమ్మేవాళ్ళూ, పూసల దండలు అమ్మేవాళ్ళూ, ఫొటో కోసం అలంకరించిన జడల బర్రె. మన తిరుపతి కొండదారి జ్ఞాపకం వచ్చింది.

ఇంత ఎత్తున, ఇంత నిశ్శబ్దంలో యుద్ధం జరిగిందంటే నమ్మగలరా? 1904లో యంగ్‌హస్బెండ్ దండయాత్ర టిబెట్టు మీదికి వచ్చింది. టిబెట్టువాళ్ళు ఈ కనుమకి అడ్డంగా రాతిగోడ కట్టుకుని నిలిచారు. ఆ మే నెల 6వ తేదీన బ్రిటిషువాళ్ళ పక్షాన వారి మీదికి ఎక్కినవాళ్ళు సిక్కులూ, గూర్ఖాలూను. ఊపిరి అందని చోట, కొండచరియలు పట్టుకుని పాకుతూ పైకెక్కి, గోడ వెనక ఉన్నవారిని కాల్చారు. ఎవరి కొండ? ఎవరి రాజ్యం? ఎవరి ప్రాణాలు? ఆ తరవాత 1990లలో ఇదే యుద్ధం మీద సినిమా తీస్తూ, మంచు కూలే దృశ్యం కోసం ఈ హిమానీనదంలో మందుపాతర పేల్చారని గైడు చెప్పాడు. అంచున మూడు మూలలుగా విరిగినట్టున్న చోటు చూపించి, "ఆ గాయం అదే" అన్నాడు. మా ఊళ్ళో గుడి గోపురం మీద బొమ్మ ముక్కు విరిగిన సంగతి చెప్పేటప్పుడు ముసలివాళ్ళ గొంతు అలాగే ఉంటుంది.

"ఇరవై నిమిషాలే. ఎవరూ పరుగెత్తవద్దు" అని చెప్పి అందరినీ దింపాడు. అక్కయ్య సంచిలోంచి చిన్న రాగిచెంబు తీసింది. "ఒరే, ఆ కరిగే నీళ్ళు కాసిని పట్టుకురా. ఇంటికి తీసుకెళదాం" అంది. ఆవిడ చేత ఆ మాట అనిపించుకుని ఊరుకోవడమా? చెంబు పుచ్చుకుని బయలుదేరాను.

భారతంలో పాండవులు దాహంతో నీళ్ళకి వెళ్ళిన ఘట్టం తెలియనివారుండరు. నకులుడు వెళ్ళాడు. 'నా ప్రశ్నలకి జవాబు చెప్పి మరీ నీరు ముట్టు' అని యక్షుడు పలికాడు. ఆ మాట లక్ష్యపెట్టకుండా నీళ్ళు తాగి పడిపోయాడు. సహదేవుడూ అంతే. అర్జున భీములూ అంతే. వాళ్ళకి బలం తక్కువై పడిపోలేదు. ప్రశ్న తమకి కాదనుకుని పడిపోయారు. నన్నయితే మూడు ప్రశ్నలూ మూడు పూటలా అడిగారు. నేను ప్రశ్నని దాటేసి చెంబు పట్టుకుని నడుస్తున్నాను.

ఓ నలభై అడుగులు వేశానేమో. మంచు రెండుగా కనిపించింది. కాళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. కూర్చుందామనుకునేలోపలే కూలబడ్డాను. చెంబు రాళ్ళమీద దొర్లుతున్న చప్పుడు మాత్రం జ్ఞాపకం. పూసలమ్మే ముసలావిడ ఒకర్తె పరుగున వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ బట్టల్లో పొగవాసన. మా నాయనమ్మ దగ్గర ఆ వాసనే వచ్చేది.

గైడు వచ్చి మోకాళ్ళమీద కూర్చుని మళ్ళీ అవే ప్రశ్నలు అడిగాడు. ఈసారి నిజం చెప్పాను. "ఎప్పటినుంచి?" అన్నాడు. "లాసా నుంచి." అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చెంబు ఏరి తెచ్చి, "ఇది ఎందుకు?" అన్నాడు. నీళ్ళకని చెప్పాను. "ఈ కొండ నీళ్ళు ఒకవైపు యమ్‌ద్రోక్‌కి పోతాయి. ఇంకోవైపు న్యాంగ్ నదిలోకి, అక్కడినుంచి త్సాంగ్‌పోలోకి. అది మీ దేశానికి వచ్చి బ్రహ్మపుత్ర అవుతుంది. తమంతట తామే వస్తున్నవాటిని మీరెందుకు మోయడం?" అన్నాడు.

గ్యాంట్సే కనుమకంటే వెయ్యి మీటర్లు కింద. దిగితే తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. రాత్రి గైడు నేలమీది బండల గీతని చూపించి, మడమకి వేలు ఆనేటట్టు అడుగులో అడుగు వేస్తూ నడవమన్నాడు. నేను తాగినవాడిలా పక్కకి తూలాను. అది చూసి అతని ముఖం మారిపోయింది. మెదడు వాస్తున్నప్పుడు కనిపించే గుర్తు అదేనని తరవాత డాక్టరు చెప్పాడు. ప్రాణవాయువు సిలిండరు తగిలించి ఆ రాత్రే షిగాట్సే ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు ఆలస్యమైతే ఈ వ్యాసం రాసేవాళ్ళు వేరే ఎవరో అయి ఉండేవారు.

మర్నాడు జట్టు ముందుకి సాగాలి. ఇక్కణ్ణించి దారి అంతా ఇంకా ఎత్తే. నేను రాకూడదు. అక్కయ్యకి ఏ బాధా లేదు. శుభ్రంగా తింటోంది, నిద్రపోతోంది. జట్టులో పెద్దలంతా, "అమ్మా, మీరు రండి. ఆస్పత్రిలో ఉన్నాడు గదా, వాళ్ళు చూసుకుంటారు. మళ్ళీ ఇంత దూరం రాగలరా?" అని నచ్చచెప్పారు. నేనూ వెళ్ళమన్నాను. ఆవిడ కాస్సేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. బస్సు హారను మోగింది. కళ్ళు తెరిచి, "కైలాసం ఎక్కడికీ పోదు. ముందు వీడు లేవాలి" అంది. కిటికీలోంచి బస్సు వెళ్ళడం చూసింది. నా ముఖం కేసి మాత్రం చూడలేదు. ఆ రాగిచెంబుతోనే ఆస్పత్రి వేణ్ణీళ్ళు గంటకోసారి తాగించింది.

గుంపు వీసాలోంచి మమ్మల్ని విడదీయడానికి గైడు తరఫువాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. రైల్లో లాసాకీ, అక్కడినుంచి ఇంటికీ చేరాం. దారిలో అక్కయ్య ఒక్కసారే అడిగింది. "తలనొప్పని నాతోనన్నా ఎందుకు చెప్పలేదురా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ సోదరికీ, వెళ్ళదలచిన ఇతరులకీ నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. అంత ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, గాలి ఒత్తిడే తగ్గుతుంది. 5,000 మీటర్ల దగ్గర అది సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగానికి కాస్త పైన మాత్రమే. శరీరం దానికి అలవాటు పడటానికి రోజులు కావాలి. రోడ్డు ఎంత బాగా వేసినా రక్తాన్ని తొందరపెట్టలేదు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకంటే ఎక్కువ పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగమనీ వైద్యులు చెబుతారు. మందుల సంగతి బయలుదేరకముందే మీ డాక్టరుని అడగండి. వయసులో ఉన్నాం, రోజూ నడుస్తున్నాం అన్నది అక్కడ చెల్లదు. తలనొప్పి వస్తే దాచవద్దు. తగ్గేదాకా పైకి వెళ్ళవద్దు. ముదిరితే అర్ధరాత్రయినా కిందికి దిగండి. తోడు వెళ్ళినవారు మరీ దాచవద్దు. తోడు వెళ్ళిన మనిషి దాచిన తలనొప్పి ఇంకొకరి యాత్రని మింగేస్తుంది.

ఇంకొక్క సంగతి. "కైలాసం ఎక్కడికీ పోదు" అన్న అక్కయ్య మాట నాకు చాలాకాలం ఊరటగా ఉండేది. తరవాత 2020లో మహమ్మారి వచ్చి, మనవాళ్ళకి ఆ దారి మూతపడింది. అయిదేళ్ళ తరవాత, 2025లో గాని తెరవలేదు. ఆవిడకి అరవై అయిదు దాటాయి. ప్రభుత్వం నడిపే యాత్రకి డెబ్భై ఏళ్ళు దాటినవారిని తీసుకోరు. సరే, కొండ పోదు. మరి మంచో? మన కృష్ణా గోదావరులు సహ్యాద్రిలో పుట్టి వాననీటితో పారేవి. అంచేత మనకి మంచు అంటే పటంలో శివుడి వెనక ఎప్పుడూ ఉండే తెలుపే. కాఠ్మండూలో హిమాలయ దేశాల కోసం పనిచేసే ఇసిమోడ్ అనే సంస్థ 2019లోనే ఒక పెద్ద నివేదిక వేసింది. భూమి వేడిమిని 1.5 డిగ్రీల పెరుగుదల దగ్గర ఆపగలిగినా, ఈ శతాబ్ది చివరికి హిమాలయ ప్రాంతపు మంచులో మూడోవంతు పోతుందని అందులో ఉంది. ఆపలేకపోతే మూడింట రెండు వంతులు పోవచ్చునట. 2023లో అదే సంస్థ, 2011 నుంచి 2020 దాకా అక్కడి హిమానీనదాలు అంతకుముందు పదేళ్ళకంటే 65 శాతం వేగంగా మంచుని పోగొట్టుకున్నాయని తేల్చింది. మందుపాతర ఒక్క మూల విరిచింది. మన పొగగొట్టాలు చప్పుడు లేకుండా తక్కినదంతా కరిగిస్తున్నాయి. యక్షుడు మూడు ప్రశ్నలూ అడుగుతూనే ఉన్నాడు. మనం "లేదు, పట్టింది, వేసింది" అని చెబుతూనే ఉన్నాం.

మొన్న ఆదివారం అక్కయ్య ఫోను చేసింది. వచ్చే ఏటి యాత్రకి దరఖాస్తు పెట్టాలట, డాక్టరు పరీక్షలన్నీ చేయించుకుంటోందట. పొద్దున్నే మేడమెట్లు ఎక్కి దిగుతోందట. నేను గొంతు సవరించుకుని, "అక్కయ్యా, తోడు..." అన్నాను.

"నువ్వు రావద్దు. ఇంట్లో కూర్చుని నా తలనొప్పి సంగతి రోజూ ఫోనులో అడుగుతూండు. నేను నిజమే చెబుతాను" అంది.